ఇరవై తొమ్మిదో నెల

మొన్నామధ్య గుడ్లవల్లేరు నుంచి గుడివాడ వస్తున్నాను. ఇంజనీరింగు కాలేజీ వదిలిన వేళ కావడంతో బస్సు నిండా కుర్రాళ్లే. నా ముందు సీట్లో ఒక అమ్మాయి ఒళ్లో బుడ్డోణ్ణి కూర్చోబెట్టుకుంది. పక్కనున్న పెద్దావిడ ‘‘బాబుకి ఎన్నేళ్లమ్మా?’’ అని అడిగింది. ‘‘ఇరవై ఆరు నెలలండీ,’’ అంది ఆ అమ్మాయి. వెనక నిలబడ్డ కుర్రాళ్లకి అది మహా సరదాగా అనిపించింది. ‘‘రెండేళ్లని చెప్పడానికేంట్రా కష్టం? మరి నాకెన్ని నెలలో చెప్పు మామా,’’ అన్నాడొకడు. ఇంకొకడు ఫోను తీసి లెక్కగట్టి రెండొందల నలభై ఎంతో చెప్పాడు. బస్సంతా నవ్వు. ఆ తల్లి కూడా నవ్వేసింది.

నాకు మాత్రం ఒళ్లు మండింది. గట్టిగా నాలుగు దులుపుదామనుకున్నాను. కానీ ఆ గుంపులోని కుర్రాడే అంతకుముందు లేచి నాకు సీటిచ్చాడు. వాడిచ్చిన సీట్లో కూర్చుని వాణ్ణే తిట్టడం బాగుండదని ఊరుకున్నాను. బస్సులో మింగిన మాట ఇంటికొచ్చినా అరగలేదు. అందుకని ఇక్కడ చెబుతున్నాను. నాయనా, మీకూ రేపు పిల్లలు పుడతారు. అప్పుడు మీరూ నెలల్లోనే చెబుతారు. ఎందుకు చెబుతారో ముందే తెలుసుకుంటే తప్పులేదు.

నేను ఉద్యోగం చేసింది గుడివాడలో ఒక ట్రస్టు వాళ్లు నడిపే చిన్న కేంద్రంలో. చిన్నపిల్లలకి వినికిడి పరీక్షలు చేసే చోటది. నేను డాక్టర్ని కాదు, పరీక్ష చేసే టెక్నీషియన్ని. బళ్లో గుమాస్తాగా చేసిన మా నాన్నగారికి నేను బ్యాంకులో చేరలేదని చివరిదాకా చింతే. ‘‘పిల్లల చెవుల్లో బుర్రుమనిపించే ఉద్యోగమేమిటే,’’ అనేవారు.

వచ్చిన ప్రతి తల్లినీ నేను మొట్టమొదట అడిగేది వయసు. ఏళ్లలో చెబితే ఊరుకునేదాన్ని కాదు. ‘‘రెండో ఏడు నడుస్తోందండీ’’ అంటారు. నడవడమంటే ఎంత నడిచింది? పదమూడు నెలల పిల్లకి ఒక్క మాట వస్తే సంతోషం. ఇరవై మూడు నెలల పిల్లకి అదే ఒక్క మాట వస్తే నా గుండెలో రాయి పడుతుంది. ఇద్దరిదీ రెండో ఏడే. ఆ వయసులో నెలకో విద్య వస్తుంది. రావలసిన నెలలో రాకపోతే ఎక్కడో ఏదో ఆగిందని అర్థం. మనకి ముప్పై రెండైనా ముప్పై మూడైనా ఎవడిక్కావాలి? వాళ్లకి నెలంటే మనకి కొన్నేళ్లు.

ఇవన్నీ మేం చెప్పే కారణాలు. అసలు కారణం నాకు చెప్పింది మాత్రం దివిసీమ నుంచి వచ్చిన ఒక అమ్మాయి.

అవనిగడ్డలో మేం క్యాంపు పెట్టినప్పుడు వచ్చింది. నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉండే పల్లె వాళ్లది. భర్త చేపల వేటకి వెళ్తాడు. చంకలో పిల్లాడు, ఒత్తయిన జుట్టు, నూనె పెట్టి నెత్తిన పిలక కట్టింది. వాడు నా గాజుల్ని చూసి నవ్వుతున్నాడు. వయసు అడిగాను. ‘‘పందొమ్మిది నెలలండీ,’’ అంది ఠక్కున.

‘‘అమ్మయ్య, నెలల్లో చెప్పావు. ఎవరు నేర్పారు?’’ అన్నాను.

‘‘ఎవరూ నేర్పలేదండీ. రెండేళ్లొస్తున్నాయంటే ‘ఇంకా మాటల్లేవా?’ అని అడుగుతారండి. పందొమ్మిది నెలలంటే ‘చిన్నోడేలే, వస్తాయిలే’ అంటారు. అట్టా అంటుంటే ప్రాణానికి కాస్త హాయిగా ఉంటదండి.’’

అంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. చెప్పేసి తలొంచుకుంది. పిలిస్తే పలకడు, సముద్రపు గాలి హోరులో వినపడటం లేదేమో అనుకున్నారట. మొన్న పక్కింటి పెళ్లిలో బ్యాండువాళ్లు గుమ్మం ముందే మోగిస్తుంటే వీడు ఆ అరుగు మీద ఆదమరిచి నిద్రపోయాడట. ఆ రోజు నుంచీ తనకి నిద్ర లేదంది.

గుడివాడ రమ్మని పరీక్ష చేశాను. పిల్లాణ్ణి నిద్రపుచ్చి, నుదుటి మీదా చెవుల వెనకా చిన్న వైర్లు అంటించి చెవిలో శబ్దం వినిపిస్తాం. వింటే తెర మీద గీత లేస్తుంది. నిద్రపుచ్చే పని మా ఆయాది. ఎంతటి మొండి ఘటమైనా ఆవిడ ఒళ్లో పడితే నిద్రపోవాల్సిందే. మా డాక్టరుగారే ఒకసారి ఆవిడ జోలపాటకి కుర్చీలో కునుకు తీశారు. ఆ వేళ వీడు ఆ పాట అక్కర్లేకుండానే నిద్రపోయాడు. ఆవిడ వీపు మీద తట్టిన తట్టుకే. ఆవిడ నా వైపు చూసింది.

శబ్దం పెంచుకుంటూ పోయాను. మెషిన్లో ఉన్నదంతా ఇచ్చాను. గీత లేవలేదు.

తర్వాత రెండు చెవులకీ వినికిడి మిషన్లు పెట్టి కొన్నాళ్లు చూశాం. లాభం లేకపోయింది. ఇక మిగిలింది ఆపరేషను. చెవి వెనక కోసి లోపల పరికరం పెడతారు. బెజవాడలో పెద్దాసుపత్రిలో చేస్తారు. ఖర్చంతా మా ట్రస్టు తరఫున ఒక దాత భరిస్తారు. ఆయన పెట్టిన షరతు ఒకటే: ముప్పై నెలలు నిండేలోపు జరగాలి. ఆ షరతుని నేను తప్పుపట్టను. మెదడు మాటలు పట్టుకునే కాలం కొన్నాళ్లే ఉంటుంది. అది దాటాక ఎంత గొప్ప పరికరం పెట్టినా పిల్లలకి చప్పుళ్లు వినిపిస్తాయి కానీ ఆ చప్పుళ్లు మాటలుగా మారడం చాలా కష్టం. అందుకని దాతగారు ఆ డబ్బు మాటలొచ్చే పిల్లలకే ఖర్చవ్వాలనుకున్నారు. మా వాడికింకా వ్యవధి ఉంది. నాకు ధైర్యంగానే ఉంది.

ఆపరేషను సంగతులు చెప్పడానికి ఇంట్లో పెద్దవాళ్లని పిలిచాం. ఆ అమ్మాయి, భర్త, అత్తగారు వచ్చారు. భర్త మంచివాడే. చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు. అత్తగారు అడిగింది ఒక్కటే ప్రశ్న.

‘‘జుట్టు తీస్తారా డాక్టరమ్మగారూ?’’

నేను డాక్టర్ని కాదంటే ఆవిడ ఏ రోజూ వినలేదు. ‘‘చెవి వెనక కొంచెం తీస్తారండి,’’ అన్నాను.

ఆవిడ ముఖం మాడిపోయింది. ‘‘ఈడు కడుపులో పడ్డప్పుడే పుట్టెంట్రుకలు మోపిదేవి సుబ్బారాయుడికని మొక్కుకున్నానమ్మా. సామికి ఇయ్యకముందు ఆ ఎంట్రుక మీద మీ కత్తి పడితే ఎట్టా?’’

నాకు నవ్వొచ్చింది. ఓస్ ఇంతేనా అనుకున్నాను. మోపిదేవి వాళ్లు బస్సులో రోజూ దాటే ఊరే. ఆ మాటకొస్తే చెవి బాధలకి మొక్కుకునేదీ ఆ స్వామికే. ‘‘బంగారంలా ఉంది. రేపే వెళ్లి తీయించెయ్యండి. ఎల్లుండి ఆపరేషనుకి తేదీ తీసుకుందాం,’’ అన్నాను.

వెనక నుంచి మా ఆయా కిసుక్కున నవ్వింది. ‘‘పుట్టెంట్రుకలంటే షాపుకెళ్లి కటింగు చేయించుకురావడమా మేడంగారూ? మూడో ఏడు పడాలి. బేసి నెల కావాలి. మూఢం ఉండకూడదు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర ఆయనే వెయ్యాలి.’’

మూడో ఏడు ఎలాగూ పడబోతోంది. బేసి నెల రెండు నెలల్లో ఒకటి వస్తుంది. అవన్నీ సరే. మేనమామ అనగానే ఆ అమ్మాయి తలొంచుకుంది, భర్త లేచి బయటికెళ్లాడు. ఏదో ఉందని అప్పుడు తెలిసింది.

ఏముందంటే, ఆ భర్తా పిల్లాడి మేనమామా, అంటే బావా బావమరుదులిద్దరూ ఒకప్పుడు ఒకే పడవ మీద వేటకి వెళ్లేవారు. ఒకసారి నడి సముద్రంలో వాతావరణం తిరగబడింది. వల లాగే వ్యవధి లేదని బావమరిది వలని కోసి వదిలేసి పడవని ఒడ్డుకి తిప్పాడు. అది బావగారి వల. ఆ తర్వాత ఒక పెళ్లి భోజనాల్లో, అందరూ వింటుండగా, బావ ‘‘పిరికోడి చేతికి కత్తిస్తే చేపని కొయ్యడు, వలని కోస్తాడు’’ అన్నాడు. బావమరిది విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. అంతే. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

నేనూ మా ఆయా కలిసి బందరు వెళ్లాం. ఆ మేనమామ గిలకలదిండి వైపు ఉంటాడు. వలకి పడ్డ చిరుగులు కుట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీలు వేయించాడు, కూల్డ్రింకులు తెప్పించాడు. మనిషి ఎంత మర్యాదస్థుడంటే అడగడానికే మొహమాటం వేసింది.

‘‘మేనల్లుడంటే నాకు ప్రాణమండి. కానీ పుట్టెంట్రుకలకి మేనమామని ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలుస్తారండి. అది మా బావ చెయ్యాల. పిలిస్తే పడుకున్నోణ్ణి పడుకున్నట్టే లేచొస్తాను.’’

‘‘మీ చెల్లెలు పిలుస్తోందిగా బాబూ.’’

‘‘చెల్లెలు ఏడుస్తందండి, పిలవట్లేదు. ఆ రోజు నేను వల కొయ్యకపోతే ఆ మాట అనడానికి ఆయన ఉండేవాడా? మీరే చెప్పండి.’’

అతను చెప్పింది నిజమే. తర్వాత బావగారితో మాట్లాడాను. ఆయన వాదన ఆయనకుంది. ‘‘మేనల్లుడి కోసం పిలవకుండా రావాలండి. పిలుపు కోసం ఆగేవాడు మేనమామేంటండి? నేను వాళ్ల గుమ్మం ఎక్కితే, వల కోసిందే రైటని ఒప్పుకున్నట్టు గదండి.’’

అయ్యా, చూశారా? చెవుల్లో ఏ లోపమూ లేని మగాళ్లిద్దరు ఒకరి మాట ఒకరు వినరు. పిలుపు కోసం ఒకడు, పిలవకుండా ఒకడు. మధ్యలో ఎవరు పిలిచినా వినపడని పసివాడు. నాకు నోటిదాకా వచ్చింది కానీ పరాయి మగవాణ్ణి ఎంతని తిడతాను? ఇంటికొచ్చి మా వారి మీద అరిచాను. ఆయన పాపం పేపరు చదువుకుంటున్నారు.

అదుగో, అప్పుడు మొదలైంది నాకు నెలల పిచ్చి. ఇరవై ఐదో నెలలో బావ ఒప్పుకోలేదు. ఇరవై ఆరు సరి నెల. ఇరవై ఏడులో మూఢం వచ్చింది. ఇరవై ఎనిమిది మళ్లీ సరి. ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడల్లా నేను అడక్కుండానే ముందు నెల చెప్పేది. ‘‘ఇరవై ఏడొచ్చాయండీ మేడంగారూ.’’ ఒకప్పుడు ఆ లెక్క వల్ల ఆ పిల్లకి ప్రాణం హాయిగా ఉండేది. ఇప్పుడు అదే లెక్క చెప్పి, ‘‘ముప్పైకి ఇంకెన్నండీ?’’ అని అడిగేది. అసలా జుట్టుని ఏ రాత్రో ఎలకలు కొరికినా బాగుండునని మా ఆయా అంది. మొదట నవ్వాను. తర్వాత నిజంగానే అలా కోరుకున్నాను.

మిగిలింది ఇరవై తొమ్మిదో నెల ఒక్కటే. ఆ అమ్మాయి పుట్టింటికెళ్లి అన్న గుమ్మంలో పిల్లాణ్ణి పెట్టుకుని కూర్చుంది. తిండి తినలేదు. చివరికి అన్న కరిగాడు. ‘‘సరే, ఇంటికి రాకపోయినా పర్లేదు. మోపిదేవి గుడి దాకా నేనే వస్తాను. అక్కడ బావ తన నోటితో ‘రా’ అంటే లోపలికొస్తాను,’’ అన్నాడు. ఈ సంగతి చెబితే భర్త ‘‘రానీ చూద్దాం’’ అన్నాడట. మేమంతా దాన్ని ఒప్పుకోవడమనే అనుకున్నాం. ముహూర్తం పెట్టారు. ఆ మరుసటి గురువారానికి బెజవాడలో ఆపరేషను తేదీ తీసుకున్నాం.

ఆ రోజు సెలవు పెట్టి పామర్రు, చల్లపల్లి మీదుగా మోపిదేవి వెళ్లాను. నాకేం పనని మా మేనేజరు విసుక్కున్నారు. నాకూ తెలీదు, వెళ్లాలనిపించింది. తలనీలాలు తీసేచోట పిల్లాణ్ణి ఆడపిల్లలా ముస్తాబు చేసి కూర్చోబెట్టారు. జడవేసి, కనకాంబరాలు పెట్టి, కాటుక దిద్దారు. వాడు అద్దంలా మెరుస్తున్న ఇత్తడి చెంబులో తన ముఖం చూసుకుని మురిసిపోతున్నాడు. అంత చక్కటి పిల్లాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

మేనమామ వచ్చాడు. బండి మీద, కొత్తబట్టల సంచీతో, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. గుడి బయట కొబ్బరికాయల కొట్టు దగ్గర ఆగిపోయాడు. అక్కడి నుంచి కదల్లేదు.

లోపల బావ. ‘‘ఇక్కడిదాకా వచ్చినోడు నాలుగడుగులు లోపలికి రాలేడాండి?’’

బయట బావమరిది. ‘‘బందరు నుంచి వచ్చాను గదండి. ఒక్క మాట అనడానికి ఆయన నాలుగడుగులు బయటికి రాలేడా?’’

నేను అటూ ఇటూ తిరిగాను. యాభై దాటిన మనిషిని, ఎండలో, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. చివరికి భర్త ఒక మెట్టు దిగాడు. గేటు వైపు చూడకుండా, నాతో, ‘‘రమ్మనండి ఆయన్ని,’’ అన్నాడు. నేను పొంగిపోయి వెళ్లి చెప్పాను.

‘‘మీతో అన్నాడండి. నాతో అనలేదు,’’ అన్నాడు మేనమామ.

ముహూర్తం దాటిపోతోందని పూజారిగారు రెండుసార్లు హెచ్చరించారు. మంగలాయన కత్తి నూరుకుని, మళ్లీ నూరుకుని కూర్చున్నాడు. అప్పుడు ఆ అమ్మాయి వెళ్లి మంగలి ముందు పీట మీద కూర్చుంది. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుంది.

‘‘మేనమామ రాలేదా అమ్మా?’’ అన్నాడు మంగలాయన.

‘‘నేనే మేనమామని. ఆ కత్తెర ఇటివ్వండి.’’

ఇచ్చేదాకా ఆగలేదు. పళ్లెంలోంచి తనే తీసుకుని నుదుటి మీది జుట్టుని పుచ్చుకుని కత్తిరించింది. పూలతో సహా రాలింది. అత్తగారు ‘‘ఓయమ్మో, కొంప ముంచిందిరా!’’ అని నేల మీద చతికిలబడింది. భర్త రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు. మొదలుపెట్టాక మధ్యలో లేపకూడదని మంగలాయన గుండు పూర్తిచేశాడు. పిల్లాడు ఏడుస్తున్నాడు. ఆ అమ్మాయి కళ్లలో చుక్క నీరు లేదు.

పిల్లాణ్ణెత్తుకుని మేం బయటికి రాగానే మేనమామ ఆ గుండుని చూశాడు. ఎవరు చేశారో అడగలేదు, అర్థమైంది. బట్టల సంచీ నా చేతిలో పెట్టాడు. ‘‘మీరే ఇవ్వండి మేడంగారూ,’’ అని బండెక్కి వెళ్లిపోయాడు.

నేను మాత్రం ఆ వేళ సంతోషంగా బస్సెక్కాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. జుట్టు పోయింది, అడ్డు తొలగింది, గురువారం ఆపరేషను, ఇంకేం కావాలి? దారిలోనే డాక్టరుగారికి ఫోను చేసి చెప్పాను. చల్లపల్లిలో దిగి మా ఆయాకి కిలో స్వీటు కొన్నాను.

ఆ స్వీటు ఇంకా అయిపోకముందే ఫోనొచ్చింది. ‘‘వాళ్లు రారంటండీ మేడంగారూ,’’ అంది ఆ అమ్మాయి. ఫోను పెట్టేసింది.

మేనేజరుగారినీ డాక్టరుగారినీ వెంటబెట్టుకుని వాళ్ల పల్లెకి వెళ్లాను. అత్తగారు మంచం మీద నుంచి లేవలేదు. ‘‘మొక్కు చెల్లలేదమ్మా. మేనమామ చెయ్యి పడాల్సిన చోట తల్లి కత్తెరేసింది. సామి ఊరుకుంటాడా? ఇప్పుడు తల మీద కోత పెడితే పిల్లోడు బల్ల మీంచి లేవడు,’’ అంది. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మేనేజరుగారు కోప్పడ్డారు. నేను దండం పెట్టాను.

భర్త గుమ్మంలో గొంతుక్కూర్చుని, ఒళ్లో పడుకున్న పిల్లాడి గుండు నిమురుతూ విన్నాడు. చివరికి అన్నాడు: ‘‘నేను సముద్రంలో మనుషులు పోవడం చూశానండి. ఒక్కసారి పోతే తిరిగిరారు. చెవిటోడైనా నా కళ్లముందు తిరుగుతాడు. నాకది చాలండి.’’

అతని కళ్లు నిండిపోయాయి. పంతం కాదది, భయం. ఎంతమంది తండ్రులతో ఎన్ని వాదనలు చేశానో లెక్కలేదు. ఆ మాట విన్నాక మాత్రం తెచ్చిన కాగితాలు మడిచి సంచీలో పెట్టేసుకున్నాను.

‘‘సంతకం నేను పెడతానండి,’’ అంది ఆ అమ్మాయి పొయ్యి దగ్గర నుంచి. తండ్రి వద్దంటుంటే తల్లి ఒక్కతి సంతకం మీద అంత పెద్ద ఆపరేషను చేయరని డాక్టరుగారు మెల్లగా చెప్పారు. ఆ అమ్మాయి మాకు టీ పెట్టింది.

గురువారం వెళ్లిపోయింది. ఆ తేదీ ఎవరికిచ్చారంటే నందివాడ నుంచి వచ్చిన ఒక పాపకి. ఆ పిల్ల ఇప్పుడు బడికెళ్తోంది, వసపిట్టలా వాగుతోంది. మొన్న కనిపించి ‘‘అమ్మమ్మా, మీ జడ ఊడిపోయింది’’ అంది. ముద్దు పెట్టుకున్నాను. ముద్దు పెట్టుకుంటూనే ఆ మోపిదేవి గుండు కళ్లముందు కదిలింది. సంతోషం కూడా నాకు సాంతం దక్కలేదు.

ముప్పై నెలలు నిండాయి. ఈలోగా తండ్రి భయం తగ్గుతుందేమోనని, ఒక్క నెల సడలించమని దాతగారికి మేనేజరు చేత రాయించాను. ఒకరికి సడలిస్తే వెనక వరసలో ఉన్న పిల్లకి నెల తగ్గుతుందని ఆయన జవాబు. అదీ నిజమే. ఈ కథలో అబద్ధం చెప్పినవాడు ఒక్కడూ లేడు. బావ చెప్పింది నిజం, బావమరిది చెప్పింది నిజం, దాత చెప్పింది నిజం. అన్నీ నిజాలే కలిసి ఒక పసివాడి నోరు నొక్కేశాయి. ఎవర్ని తిట్టాలో తెలీక నేను చాలా రోజులు దేవుడికి దీపం పెట్టలేదు.

రిటైరయ్యాను. చెవిటి పిల్లలు సైగలతో చదువుకునే బడి ఒకటుందని ఆ అమ్మాయికి ఫోనులో చెప్పాను. హాస్టల్లో వదిలెయ్యాలి కదండీ, చూస్తామండీ అంది. తర్వాత ఆ నంబరు పనిచెయ్యలేదు.

కిందటేడు బందరు వెళ్లినప్పుడు, చేపల కోసం గిలకలదిండి రేవుకి వెళ్లాను. రొయ్యలు ఏరుతున్న ఆడవాళ్ల మధ్య ఆ అమ్మాయి కనిపించింది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. మనిషి చిక్కిపోయింది. ఇప్పుడు ఇక్కడే ఉంటున్నామంది. నేను ఎదురుగా చూసి నమ్మలేకపోయాను. కాస్త దూరంలో ఒడ్డుకి కట్టిన పడవ మీద బావా బావమరుదులిద్దరూ ఐసు పెట్టెని చెరోవైపు పట్టుకుని దించుతున్నారు. ఏదో మాట్లాడుకుంటూ నవ్వుకుంటున్నారు కూడా.

‘‘కలిసిపోయారా?’’ అన్నాను.

‘‘కలిసిపోయారండి. రెండేళ్లయింది.’’

‘‘ఎవరు ఎవర్ని పిలిచారమ్మా?’’ నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

‘‘ఎవరూ పిలవలేదండి. ఈయన ఏదో పని మీద బందరొస్తే వాన పట్టుకుంది. తడుస్తా మా అన్నయ్య అరుగెక్కారంట. మా వదిన తువ్వాలిచ్చి టీ పెట్టింది. అంతేనండి. అప్పట్నుంచీ ఒకే పడవ.’’

వానకి ఎక్కిన అరుగు మొక్కుకి ఎక్కలేకపోయాడు. నాకు నిలబడ్డచోటే ఏడవాలనిపించింది. ఆ అమ్మాయి మాత్రం రొయ్యలు ఏరుతూనే ఉంది.

పిల్లాడు మా దగ్గరే, రేవుకి వీపు పెట్టి, గుల్లలు వరసగా పేర్చుకుంటున్నాడు. ఎంత పొడుగయ్యాడో! నన్ను చూసి నా గాజుల వంక నవ్వాడు. నాకు నోరు ఊరుకోదు కదా, పాత అలవాటు, ‘‘ఇప్పుడు వీడికెన్ని నెలలమ్మా?’’ అనేశాను.

ఆ అమ్మాయి చెయ్యి ఆగింది. నా వైపు వింతగా చూసింది.

‘‘ఆరో ఏడండీ,’’ అంది. ‘‘నెలలు ఎప్పుడో మానేశాను.’’

మళ్లీ రొయ్యల మీదికి వంగింది. ఇంతలో పడవ మీద నుంచి భర్త ‘‘ఒరేయ్ చిన్నోడా, రా, ఎక్కుదువుగాని!’’ అని కేకేశాడు. పక్కనే మేనమామ నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుని ‘‘ఒరేయ్ అల్లుడూ! రారా!’’ అని అంతకంటే గట్టిగా పిలిచాడు. ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ కలిసి పిలుస్తూనే ఉన్నారు.

వాడు గుల్లలు పేర్చుకుంటున్నాడు. ఆ అమ్మాయి చేతులు కడుక్కుని, లేచి వెళ్లి వాడి భుజం తట్టింది.